పచ్చసొన పారేస్తే గుడ్డులో మిగిలేదెంత?

ఉడికించిన గుడ్డు ఒలిచి, నిలువునా కోసి, పచ్చసొనను మాత్రం వేరుచేసి పక్కన పడేసేవాళ్లు చాలామంది ఉన్నారు. బరువు తగ్గాలనుకునేవాళ్లు, కండ పెంచాలనుకునేవాళ్లు, గుండె గురించి బెంగపడేవాళ్లు అందరూ చేసే పని ఇదే. తెల్లసొన మంచిది, పచ్చసొన చెడ్డది అన్న మాట జనం మనసులో అంత గట్టిగా నాటుకుపోయింది. గుడ్డులో ఏ పోషకం ఎక్కడుందో లెక్క తీస్తే మాత్రం ఈ మాట నిలబడదు.

పెంకు తీశాక పెద్ద గుడ్డు ఒకటి దాదాపు 50 గ్రాములు తూగుతుంది. అందులో నూటికి 76 పాళ్లు నీరే. మిగిలిన 12 గ్రాములలో 6 గ్రాములకు పైగా ప్రోటీన్, 5 గ్రాముల వరకు కొవ్వు ఉంటాయి. పిండిపదార్థం అర గ్రాము కూడా ఉండదు, పీచు అసలే లేదు. మొత్తం మీద వచ్చే శక్తి సుమారు 72 కేలరీలు. తెల్లసొన వాటా ఇందులో 17 కేలరీలు, మూడున్నర గ్రాముల ప్రోటీన్. బరువులో పచ్చసొన తెల్లసొనకు సగమే అయినా 2.7 గ్రాముల ప్రోటీన్ దానిలోనే ఉంది. అంటే పచ్చసొన తీసేసినవాళ్లు కొవ్వుతో పాటు, తాము కోరి తింటున్న ప్రోటీన్‌లో నూటికి 40 పాళ్లకు పైగా చెత్తబుట్టలో వేస్తున్నారు. ఎ, డి, ఇ విటమిన్లు, కోలిన్, కళ్లకు పనికొచ్చే ల్యూటిన్ ఉండేది పచ్చసొనలోనే. బి12లో చాలా భాగమూ అక్కడే. తెల్లసొనలో ప్రోటీన్ కాక చెప్పుకోదగ్గవి రైబోఫ్లేవిన్, కొంత సెలీనియం, కొంత పొటాషియం. అంతకు మించి పెద్దగా ఏమీ లేవు.

ఎవరి కోసం తయారైన ఆహారం?

గుడ్డులో ఏముంది, ఏం లేదు అన్న రెండింటికీ కారణం ఒక్కటే. అది మనిషి కోసం తయారైనది కాదు. పెంకులోపల 21 రోజులు గడపవలసిన పిండానికి తల్లికోడి కట్టి ఇచ్చిన సద్దిమూట అది. ఆ 21 రోజులలో బయటినుంచి లోపలికి పోయేది ప్రాణవాయువు ఒక్కటే. పెంకుకు ఉండే వేలాది సూక్ష్మరంధ్రాల గుండా గాలి ఆడుతుంది, మరేదీ అందదు. ఎముక, కండ, మెదడు, కళ్లు, ఈకలు ఏది తయారు కావాలన్నా ముడిసరుకంతా మొదటిరోజే లోపల ఉండి తీరాలి. పుంజు తోడు లేకుండా పెట్టిన గుడ్డులో పిండం ఏర్పడదు కాని, కోడి అందులో నింపే సరుకు మాత్రం అదే.

గుడ్డులో తొమ్మిది అత్యవసర అమైనో ఆమ్లాలూ ఉండటానికి కారణం ఇదే. మన శరీరం వీటిని సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి ద్వారానే రావాలి. పప్పుధాన్యాలలో మెథియోనిన్ తక్కువ, తృణధాన్యాలలో లైసిన్ తక్కువ. గుడ్డులో ఈ రెండింటికీ కొరత లేదు. ఇతర ఆహారాల ప్రోటీన్ నాణ్యతను కొలవడానికి పోషకాహార శాస్త్రవేత్తలు చాలాకాలం గుడ్డునే కొలమానంగా పెట్టుకున్నారంటే అది ఊరికే దక్కిన గౌరవం కాదు.

లోపాలు కూడా ఈ కోణంలోంచి చూస్తేనే అర్థమవుతాయి. గుడ్డులో విటమిన్ సి లేదు, ఎందుకంటే కోడిపిల్ల పిండం దాన్ని తానే తయారుచేసుకోగలదు. మనకు ఆ శక్తి లేదు. మనం తినే భాగంలో కాల్షియం 28 మిల్లీగ్రాములకు మించదు. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన 1000 మిల్లీగ్రాములలో అది లెక్కలోకి రానంత తక్కువ. పిండానికి ఆ లోటు లేదు, ఎముకలకు కావలసిన కాల్షియాన్ని అది పెంకులోంచి కరిగించి తీసుకుంటుంది. మనం పారేసే ఆ పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పీచు సంగతి సరేసరి, పిండానికి దానితో పనే లేదు. కాబట్టి గుడ్డును సంపూర్ణాహారం అనడం అతిశయోక్తి. కూరగాయలు, పండ్లు, పప్పులు, పాలు చేయవలసిన పని గుడ్డు చేయదు. ఆ పక్కన గుడ్డు కూడా ఉంటే భోజనం బలపడుతుంది.

ఇనుము విషయంలో చాలామందికి ఉన్న నమ్మకాన్ని సరిదిద్దవలసి ఉంది. రక్తహీనత ఉన్నవాళ్లకు గుడ్డు తినమని చెప్పేవాళ్లు తరచూ కనిపిస్తారు. ఒక గుడ్డులో దాదాపు 0.9 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న మాట నిజమే. అయితే పచ్చసొనలోని ఫాస్‌విటిన్ అనే ప్రోటీన్ ఆ ఇనుమును గట్టిగా పట్టి ఉంచుతుంది, పేగులు దాన్ని అంత తేలిగ్గా పీల్చుకోలేవు. అందుకని రక్తం పెరగడానికి గుడ్డు ఒక్కటే నమ్ముకుంటే పని జరగదు. బి12 కూడా ఇంతే. గుడ్డులో అది ఉంది కాని, మాంసం, చేపల నుంచి అందినంత బాగా గుడ్డు నుంచి ఒంటికి అందదు. మాంసం, చేపలు ముట్టనివాళ్లు గుడ్డు తింటున్నాం కదా అని బి12 గురించి పూర్తిగా నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

పచ్చిగుడ్డు బలమన్న భ్రమ

వ్యాయామం చేసేవాళ్లు పచ్చిగుడ్డు పగలగొట్టి గుటుక్కున మింగడం ఎప్పటినుంచో ఉన్నదే. ఉడికిస్తే సత్తువ పోతుందని వాళ్ల భయం. జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. 1998లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు ఈ విషయాన్ని నేరుగా కొలిచారు. ఉడికిన గుడ్డులోని ప్రోటీన్‌లో నూటికి 91 పాళ్లు చిన్నపేగులలో జీర్ణమైంది. పచ్చిగుడ్డులో అయితే 51 పాళ్లే. సగం బలం వృథా అన్నమాట.

కారణం తెల్లసొన స్వభావంలో ఉంది. పిండానికి అది ఆహారమే కాదు, కోటగోడ కూడా. పెంకు రంధ్రాలలోంచి చొరబడే సూక్ష్మజీవులను అడ్డుకునే ప్రోటీన్లు అందులో నిండి ఉంటాయి. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గుర్తించిన లైసోజైమ్ అక్కడ పుష్కలం. ఓవోమ్యూకాయిడ్ అనే మరో ప్రోటీన్, ఆహారాన్ని అరిగించే ఎంజైముకే అడ్డుపడుతుంది. అవిడిన్ అనేది బయోటిన్ విటమిన్‌ను పట్టుకుని వదలదు. 1927లో మార్గరెట్ బోయస్ లండన్‌లో ఎలుకలకు పచ్చి తెల్లసొనను ప్రధాన ఆహారంగా పెట్టి చూసినప్పుడు వాటి చర్మం పాడైంది, వెంట్రుకలు రాలిపోయాయి. ఆ చిక్కుముడి విప్పుతూ పోగా తేలినవే బయోటిన్, దాన్ని బంధించే అవిడిన్. ఉడికిస్తే అవిడిన్ ఆకృతి చెడి, బయోటిన్‌ను వదిలేస్తుంది. ఎప్పుడో ఒకసారి పచ్చిగుడ్డు తిన్నంత మాత్రాన మనిషికి బయోటిన్ లోపం రాదు, అయితే రోజూ పచ్చి తెల్లసొనలు తాగేవాళ్లకు ఆ ప్రమాదం ఉంది. కడుపును పాడుచేసే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి బెడద దీనికి అదనం.

కండ కోసం తెల్లసొన ఒక్కటే తినేవాళ్లు తెలుసుకోవలసిన పరిశోధన ఇంకొకటి ఉంది. 2017లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో కొందరు యువకులచేత బరువులు ఎత్తించి, తర్వాత కొన్నిసార్లు మొత్తం గుడ్లు, కొన్నిసార్లు తెల్లసొనలు మాత్రమే ఇచ్చారు. రెండు సందర్భాలలోనూ ప్రోటీన్ 18 గ్రాములే. మొత్తం గుడ్లు తిన్నప్పుడు కండలో కొత్త ప్రోటీన్ ఎక్కువగా తయారైంది. పాల్గొన్నది పదిమందే, చిన్న పరిశోధన కాబట్టి దీన్నే తుది తీర్పు అనుకోలేం. అయినా ప్రోటీన్ లెక్క సమానంగా ఉన్నప్పుడు కూడా పచ్చసొన అడ్డం కాలేదని, పైగా మేలు చేసిందని అది స్పష్టంగా చూపింది.

కోలిన్, ఎవరూ పట్టించుకోని పోషకం

పచ్చసొన పారేయడం వల్ల జరిగే నష్టాలలో అన్నిటికంటే పెద్దది కోలిన్. కాల్షియం, ఇనుము, విటమిన్ డి పేర్లు తెలియనివాళ్లు లేరు, కోలిన్ పేరు మాత్రం చదువుకున్నవాళ్లలో కూడా చాలామంది విని ఉండరు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ దీన్ని అత్యవసర పోషకంగా గుర్తించి, రోజుకు ఎంత కావాలో చెప్పింది 1998లోనే. మగవాళ్లకు 550 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 425, గర్భిణులకు 450, పాలిచ్చే తల్లులకు 550.

ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పొర తయారీకి కోలిన్ కావాలి. నరాల మధ్య సంకేతాలు మోసే ఎసిటైల్‌కోలిన్‌కు అదే ముడిసరుకు. కాలేయంలో చేరిన కొవ్వు అక్కడినుంచి బయటికి వెళ్లాలన్నా కోలిన్ అవసరం. అది చాలినంత లేకపోతే కొవ్వు కాలేయంలోనే పేరుకుపోతుంది. కొవ్వు పేరుకుంటుందన్న భయంతోనే కదా చాలామంది పచ్చసొన మానేస్తున్నారు. కాలేయంలో కొవ్వు పేరుకోకుండా చూసే పోషకం అందులోనే ఉందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఒక పెద్ద గుడ్డులో దాదాపు 147 మిల్లీగ్రాముల కోలిన్ ఉంటుంది, అది ఇంచుమించు అంతా పచ్చసొనలోనే. రెండు గుడ్లు తింటే గర్భిణికి రోజుకు కావలసిన దానిలో మూడింట రెండు వంతులు అందుతుంది. కాలేయం కాక, నిత్యం తినే ఆహారాలలో ఇంత కోలిన్ ఇచ్చేవి చాలా అరుదు. గర్భంలో ఉన్న శిశువు మెదడు ఎదగడానికి కోలిన్ ఎంతో కావాలి, అందుకే తల్లి రక్తంలోంచి మాయ దాన్ని బిడ్డకు చేరవేస్తూ ఉంటుంది. 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయం ఒక చిన్న పరిశోధన ఫలితాలు ప్రకటించింది. గర్భం చివరి మూడు నెలల్లో రోజుకు 930 మిల్లీగ్రాముల కోలిన్ తీసుకున్న తల్లుల పిల్లలు, 480 మిల్లీగ్రాములు తీసుకున్న తల్లుల పిల్లలకంటే చూసినదాన్ని వేగంగా గ్రహించారు. అంత మోతాదు గుడ్ల ద్వారానే తెచ్చుకోవాలని ఎవరూ అనరు. అయితే గర్భిణికి పెట్టే గుడ్డులోంచి పచ్చసొన తీసేయడం ఎంత పొరపాటో దీన్నిబట్టి ఊహించవచ్చు.

కంటి విషయానికి వస్తే, పచ్చసొనకు ఆ రంగునిచ్చే ల్యూటిన్, జియాజాంథిన్ అనే పదార్థాలే మన రెటీనా నడుమ ఉండే మాక్యులాలోనూ ఉంటాయి. నీలికాంతిని వడగట్టి కంటిని కాపాడటం వాటి పని. ఒక గుడ్డులో ఇవి పావు మిల్లీగ్రాము మాత్రమే. పాలకూరలో ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటాయి కనుక గుడ్డే కంటికి రక్ష అని ప్రచారం చేయడం సరికాదు. గుడ్డుకు ఉన్న అనుకూలత వేరు. ఇవి కొవ్వులో కరిగే పదార్థాలు, గుడ్డులో కొవ్వుతో కలిసే ఉంటాయి, అందువల్ల ఉన్నది కొద్దిగానే అయినా బాగా ఒంటబడతాయి. అంతేకాదు, పక్కన తిన్న కూరగాయలలోని కెరోటినాయిడ్లను, అంటే ల్యూటిన్ లాంటి రంగు పదార్థాలను కూడా గుడ్డు ఒంటికి అందేలా చేస్తుంది. 2015లో పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు పచ్చి కూరగాయల సలాడ్‌లో మూడు గుడ్లు కలిపి పెట్టి చూశారు. గుడ్లు లేని సలాడ్‌తో పోలిస్తే కెరోటినాయిడ్లు కొన్ని రెట్లు ఎక్కువగా రక్తంలో చేరాయి. ఆకుకూరతో గుడ్డు కలిపి వండటం రుచికే కాదు, పోషణకు కూడా మంచి జోడీ.

విటమిన్ డి సహజంగా దొరికే ఆహారాలు చాలా తక్కువ, వాటిలో పచ్చసొన ఒకటి. ఒక్కో గుడ్డుకు వచ్చేది మాత్రం ఒక మైక్రోగ్రాము, అంటే 40 యూనిట్లు. కావలసింది 600 యూనిట్లు కనుక ఎండకు ఇది బదులు కాదు. సెలీనియం అయితే మెరుగు. ఒక గుడ్డుతో 15 మైక్రోగ్రాములు, అంటే పెద్దవాళ్ల రోజువారీ అవసరంలో నాలుగోవంతుకు పైగా అందుతుంది.

కొలెస్ట్రాల్ కథ

పచ్చసొన మీద నింద ఎక్కడ మొదలైందో చూడాలంటే 1913కు వెళ్లాలి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్లకు శుద్ధ కొలెస్ట్రాల్ తినిపించి, వాటి రక్తనాళాల్లో కొవ్వు పూడికలు ఏర్పడటం గమనించాడు. వైద్యశాస్త్రంలో అది గొప్ప ప్రయోగం. రక్తంలోని కొలెస్ట్రాల్‌కూ రక్తనాళాల జబ్బుకూ సంబంధం ఉందన్న అవగాహన అక్కడినుంచే పెరిగింది, ఆ అవగాహన నేటికీ సరైనదే. అయితే కుందేలు గడ్డి మేసే జీవి. దాని సహజమైన తిండిలో కొలెస్ట్రాల్ ఉండదు కాబట్టి, ఒక్కసారిగా మీదపడితే సర్దుకునే ఏర్పాటు దానికి అంతగా లేదు. అదే ఆహారం ఎలుకలకు పెడితే అలాంటి పూడికలు రాలేదు.

1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కొలెస్ట్రాల్ తినవద్దని, వారానికి మూడు పచ్చసొనలు దాటవద్దని సలహా ఇచ్చింది. ఒక గుడ్డులో దాదాపు 186 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది కనుక గుడ్డు ముద్దాయి అయింది. తినే కొలెస్ట్రాల్, రక్తంలో ఉండే కొలెస్ట్రాల్ రెండూ ఒకటే అని జనం అర్థం చేసుకున్నారు.

అవి ఒకటి కావు. కొలెస్ట్రాల్ లేనిదే కణాల పొరలు, పైత్యరసం, అనేక హార్మోన్లు, విటమిన్ డి తయారు కావు. అందుకే శరీరం దాన్ని తిండికి వదిలేయకుండా తానే తయారుచేసుకుంటుంది. చాలామందిలో, తిండి ద్వారా ఎక్కువ వస్తే ఒంట్లో తయారీ తగ్గుతుంది, పేగులు పీల్చుకోవడమూ తగ్గుతుంది. ఈ సర్దుబాటు ఎంతదూరం పోగలదో చూపే ఉదాహరణ ఒకటి 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. 88 ఏళ్ల వృద్ధుడు ఒకాయన ఏళ్ల తరబడి రోజుకు 25 గుడ్లు తింటున్నాడు. మానసికమైన బలవంతం వల్ల పడిన అలవాటు అది. రక్తపరీక్ష చేస్తే మొత్తం కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములే ఉంది. పరీక్షించి చూస్తే, తిన్న కొలెస్ట్రాల్‌లో ఆయన పేగులు పీల్చుకుంటున్నది నూటికి 18 పాళ్లు మాత్రమే అని తేలింది. పోల్చి చూసిన ఇతరులలో అది ఇంచుమించు సగం. కొలెస్ట్రాల్‌ను పైత్యరస ఆమ్లాలుగా మార్చి బయటికి పంపే పని కూడా ఆయన ఒంట్లో రెట్టింపు వేగంతో జరుగుతోంది. ఇది ఒక్క మనిషి కథ, అందరి ఒళ్లూ ఇలా సర్దుకోవు. పళ్లెంలోని కొలెస్ట్రాల్‌ను బట్టి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లెక్కకట్టడం ఎంత అవివేకమో తెలుసుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

సగటు లెక్క చూస్తే, రోజుకు తినే కొలెస్ట్రాల్ 100 మిల్లీగ్రాములు పెరిగితే రక్తంలో డెసిలీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు పెరుగుతుందని 2001లో పలు ప్రయోగాలను కలిపి చేసిన విశ్లేషణ చెప్పింది. అంటే రోజుకొక గుడ్డు వల్ల పెరిగేది 4 మిల్లీగ్రాములు. సున్నా కాదు, అలాగని బెంబేలెత్తవలసినంతా కాదు. చెడ్డ కొలెస్ట్రాల్‌ను దీనికంటే ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వు. ఒక గుడ్డులో అది ఒకటిన్నర గ్రాములే. ఒక టేబుల్‌స్పూన్ వెన్నలో 7 గ్రాములు ఉంటుంది. గుడ్డును వెన్నలో వేయించి తిని, తర్వాత పెరిగిన కొలెస్ట్రాల్‌కు గుడ్డును తప్పుపట్టడం న్యాయం కాదు.

ఈ అవగాహన పెరిగాక, 2015 చివర్లో ఖరారైన అమెరికా ఆహార మార్గదర్శకాలు 300 మిల్లీగ్రాముల పరిమితిని వదిలేశాయి. 2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా బృందం కూడా ఆరోగ్యవంతులు రోజుకొక గుడ్డు తినవచ్చని, కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్న పెద్దవయసువాళ్లకు రెండు కూడా ఫరవాలేదని చెప్పింది.

అంతటితో వివాదం తీరలేదు. అదే 2019లో 29,615 మంది అమెరికన్ల వివరాలతో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన, రోజుకు అర గుడ్డు అదనంగా తింటే గుండెజబ్బు ముప్పు సాపేక్షంగా 6 శాతం పెరుగుతుందని చెప్పింది. ఈ పరిశోధనలో ఆహారం వివరాలు మొదట్లో ఒక్కసారే అడిగి, సగటున 17 ఏళ్లకు పైగా అదే అలవాటు సాగిందన్నట్టు లెక్కవేశారు. మరుసటి ఏడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ రెండు లక్షలకు పైగా మందిని గరిష్ఠంగా 32 ఏళ్లపాటు గమనిస్తూ, ఆహారం వివరాలు మళ్లీమళ్లీ తీసుకున్నది. రోజుకొక గుడ్డు వరకు తిన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు పెరగలేదని అది తేల్చింది. చైనాలో దాదాపు 5 లక్షల మంది మీద 2018లో వెలువడిన అధ్యయనంలో, రోజూ గుడ్డు తినేవాళ్లకు మెదడులో రక్తస్రావం వల్ల వచ్చే పక్షవాతం ముప్పు 26 శాతం తక్కువగా కనిపించింది. అక్కడ రోజూ గుడ్డు తినేవాళ్లు చదువు, ఆదాయాలలో కూడా మెరుగ్గా ఉన్నారు, కాబట్టి ఆ ఘనతంతా గుడ్డుకే కట్టబెట్టలేం. గుడ్డు గుండెకు మందు కాదు, విషమూ కాదు. ఈ పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నమ్మదగినది ఇంతే అనిపిస్తుంది.

ఎవరు జాగ్రత్తపడాలన్నది మాత్రం స్పష్టంగా చెప్పుకోవాలి. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండేవాళ్లు, ఇప్పటికే చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండి మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడిగి తినాలి. జనాభాలో కొంతమందికి తిండిలోని కొలెస్ట్రాల్ ఇతరులకంటే ఎక్కువగా రక్తంలో ప్రతిఫలిస్తుంది. కొన్ని వారాలు తిని, ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే ఎవరి సంగతి ఏమిటో తెలుస్తుంది. మధుమేహం ఉన్నవాళ్ల విషయంలో ఫలితాలు పరస్పర విరుద్ధం. అమెరికాలో జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన కొన్ని అధ్యయనాలలో గుడ్లు ఎక్కువ తినే మధుమేహులకు గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. సిడ్నీ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగంలో మాత్రం మధుమేహం, లేదా దాని తొలిదశ ఉన్నవాళ్లు మూడు నెలలపాటు వారానికి 12 గుడ్లు తిన్నా రక్తంలోని కొవ్వులు చెడలేదు. మూడు నెలల ప్రయోగం మంచి సూచనే కాని జీవితకాలపు భరోసా కాదు, కాబట్టి వాళ్లు మితంగా తినడమే తెలివైన పని.

పసిపిల్లలకు

గుడ్డు వల్ల లాభం అందరికంటే ఎక్కువగా అవసరమైనవాళ్లు పసిపిల్లలు. ఆరు నెలలు దాటాక తల్లిపాలకు తోడు ఘనాహారం మొదలవుతుంది. వాళ్ల పొట్ట చిన్నది, అవసరాలు పెద్దవి. కొద్దిపాటి ముద్దలోనే ప్రోటీన్, కొవ్వు, కోలిన్, విటమిన్ ఎ అన్నీ ఇమిడి ఉండాలి. పళ్లు లేకపోయినా మెత్తగా చిదిమి పెట్టగలిగే అలాంటి ఆహారం గుడ్డు.

ఈక్వెడార్‌లో 2015లో 6 నుంచి 9 నెలల వయసున్న 163 మంది శిశువులతో ఒక ప్రయోగం జరిగింది. సగం మందికి ఆరు నెలలపాటు రోజుకొక గుడ్డు ఇచ్చారు. వయసుకు తగ్గ పొడవు లేకుండా ఎదుగుదల కుంటుపడటం ఆ పిల్లల్లో 47 శాతం తగ్గింది. ఈ ఫలితం ప్రపంచమంతా మారుమోగింది. తర్వాత మలావిలో 660 మంది శిశువులతో ఇలాంటి ప్రయోగమే చేస్తే పొడవు ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మలావి పిల్లల్లో ఎదుగుదల లోపం మొదటే తక్కువ, పైగా వాళ్లకు చేపలు తినే అలవాటు ఉంది. లోటు ఉన్నచోట గుడ్డు ఆ లోటు పూడుస్తుంది, ఇతర ఆహారంతో ఆ అవసరం తీరుతున్నచోట అద్భుతాలు జరగవు. మొదటి ప్రయోగాన్ని మాత్రమే చెప్పి రెండోదాన్ని దాచే ప్రచారం పోషకాహారం మీద జనానికి ఉన్న నమ్మకాన్నే దెబ్బతీస్తుంది.

గుడ్డు అలర్జీ పసిపిల్లల్లో తరచుగా కనిపించే అలర్జీలలో ఒకటి. అందుకే ఏడాది నిండేదాకా గుడ్డు పెట్టవద్దని పూర్వం వైద్యులే చెప్పేవారు. ఆ సలహా ఇప్పుడు మారిపోయింది. జపాన్‌లో చర్మంపై ఎగ్జిమా అనే దురద జబ్బు ఉన్న శిశువులకు ఆరో నెల నుంచి, వేడిచేసి ఆరబెట్టిన గుడ్డు పొడిని అతి కొద్ది మోతాదులో ఇచ్చారు. ఏడాది నిండేసరికి వాళ్లలో 8 శాతం మందికే గుడ్డు అలర్జీ వచ్చింది. గుడ్డు పొడి ఇవ్వని పిల్లల్లో అది 38 శాతం. 2017లో ఈ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఇక్కడ రెండు సంగతులు మరవకూడదు. ఇచ్చింది బాగా ఉడికిన గుడ్డు, మొదలుపెట్టింది చిటికెడంతతో. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలకు డాక్టరు పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి. గుడ్డు అలర్జీ ఉన్న పిల్లల్లో చాలామందికి పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది.

వయసు మీదపడ్డవాళ్ల సంగతి కూడా ఇంచుమించు ఇదే. కండ కరిగిపోతూ ఉంటుంది, ఆకలి మందగిస్తుంది, నమలడం కష్టమవుతుంది. అలాంటి వయసులో మెత్తగా ఉండి, తక్కువ పరిమాణంలో మంచి ప్రోటీన్ ఇచ్చే తిండి దొరకడం చిన్న విషయం కాదు.

వండటం, ఎంచుకోవడం

తెల్లసొన 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిపడటం మొదలవుతుంది, పచ్చసొన 65 నుంచి 70 డిగ్రీల మధ్య గడ్డకడుతుంది. సాల్మొనెల్లా భయం లేకుండా ఉండాలంటే గుడ్డు లోపలి వేడి 71 డిగ్రీలకు చేరాలి. థర్మామీటరు పెట్టి చూడనక్కర్లేదు, పచ్చసొన కారకుండా గట్టిపడితే చాలు. అలాగని అవసరానికి మించి ఉడికించడమూ మంచిది కాదు. ఎక్కువసేపు ఉడికిన గుడ్డును కోస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు వలయం కనిపిస్తుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఏర్పడిన మరక అది. హానికరం కాదు, ఉడుకు ఎక్కువైందని చెప్పే గుర్తు అంతే. విటమిన్ డి కూడా వండే తీరును బట్టి నిలుస్తుంది. ఉడికించినా, పెనం మీద వేయించినా చాలావరకు మిగులుతుంది, ఓవెన్‌లో 40 నిమిషాలు కాలిస్తే సగానికి పైగా పోతుంది.

పెంకు రంగు చూసి ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం. గోధుమరంగా, తెలుపా అన్నది కోడి జాతిని బట్టి ఉంటుంది, లోపలి పోషకాలకు దానితో సంబంధం లేదు. పచ్చసొన ముదురు నారింజ రంగులో ఉంటే బలమెక్కువ అనుకోవడమూ సరికాదు. మేతలో మొక్కజొన్నో బంతిపూల రేకుల పొడో ఎక్కువ కలిపితే ఆ రంగు వస్తుంది. నిజంగా తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి. మేతలో అవిసెగింజలు కలిపితే పచ్చసొనలో ఒమేగా-3 కొవ్వులు పెరుగుతాయి. ఎండలో తిరిగే కోళ్లు పెట్టిన గుడ్ల పచ్చసొనలో, ఎండ సోకని కోళ్ల గుడ్లకంటే విటమిన్ డి మూడు నాలుగు రెట్లు ఎక్కువ ఉన్నట్టు జర్మనీలో 2014లో ఒక పరిశోధన తేల్చింది.

గుడ్డు పాతబడేకొద్దీ లోపలి నీరు రంధ్రాల గుండా ఆవిరై, మొద్దు కొన దగ్గరున్న గాలి గది పెద్దదవుతుంది. అందుకే నీళ్లలో వేస్తే తాజా గుడ్డు అడ్డంగా అడుగున పడుకుంటుంది, పాతది నిలువుగా లేస్తుంది, మరీ పాతది తేలుతుంది. తేలినంత మాత్రాన పాడైందని చెప్పలేం, పగలగొట్టి వాసన చూస్తే తెలిసిపోతుంది. పెంకు చిట్లిన గుడ్లను కొనకపోవడమే మంచిది, చీలికలోంచి సూక్ష్మజీవులు తేలిగ్గా లోపలికి పోతాయి. ఉడికించిన గుడ్డును రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, ఫ్రిజ్‌లో అయితే వారం వరకు నిలుస్తుంది. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు సగం ఉడికిన గుడ్డు జోలికి పోకుండా, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించినదే తినాలి.